దేహరహస్య ద్రష్ట వాల్టర్ కానన్

మన భాషలో కడుపు చుట్టూ అల్లుకొన్న పలుకుబడులు అనేకం కలవు. ఏ చింతా లేక బ్రతికేవాణ్ణి కడుపులో చల్ల కదలకుండా ఉన్నాడంటాము. దుఃఖం ముంచుకొనివస్తే కడుపు తరుక్కుపోయిందంటాము. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి వేదనను కడుపుకోత అంటాము. అశుభవార్త విని విస్తరి ముందు కూర్చున్నవాడు ముద్ద దిగడం లేదని లేచిపోతాడు. ఇవి కేవలం అలంకారాలా, లేక వీటి వెనుక దేహధర్మమేదైనా దాగియున్నదా? మనస్సులోని కలత కడుపులోని కదలికను నిజంగా ఆపగలదా? ఆపగలిగితే ఆ ఆజ్ఞను మోసుకొనిపోయే దూత ఎవరు? ఈ ప్రశ్నలకు ప్రయోగశాలలో సమాధానం వెదకిన వారిలో అగ్రగణ్యుడు అమెరికా దేశపు శరీరధర్మశాస్త్రవేత్త వాల్టర్ బ్రాడ్‌ఫర్డ్ కానన్.

కానన్ 1871 అక్టోబరు 19వ తేదీన విస్కాన్సిన్ రాష్ట్రంలో, మిసిసిపీ నదీతీరాన ఉన్న ప్రెయిరీ డుషీన్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. ఆ ఊరికి జీర్ణశాస్త్ర చరిత్రలో అప్పటికే ఒక స్థానం కలదు. తుపాకి గుండు తగిలి కడుపుకు రంధ్రం పడి, అది మూతపడకుండానే బ్రతికి బయటపడిన అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుని జఠరంలో ఆహారం ఎట్లు జీర్ణమవుతున్నదో ఆ రంధ్రం గుండా పరిశీలించిన సైనిక వైద్యుడు విలియం బోమాంట్, తన ప్రయోగాలలో కొన్నిటిని 1829 తరువాత అక్కడి కోటలోనే సాగించాడు. జఠర రసాన్ని గూర్చి బోమాంట్ లోకానికి తెలిపితే, జఠర చలనాన్ని గూర్చి తెలుపవలసిన పని ఆ ఊరిలోనే పుట్టిన మరొకనికి మిగిలింది.

బాల్యం సుఖంగా గడువలేదు. తండ్రి రైలుమార్గ సంస్థలో ఉద్యోగి. తల్లి వివాహానికి పూర్వం బడిపంతులమ్మ. కానన్‌కు సుమారు పదేండ్ల వయస్సులో, 1881లో ఆమె కన్నుమూసింది. లోకానికి మేలు చేయుమని కొడుకుకు ఆమె చెప్పిన చివరిమాటను ఆయన జీవితాంతం మరువలేదు. తండ్రి కఠినుడు. కుమారుడు చదువుపై శ్రద్ధ చూపడం లేదని తలచి, 14వ ఏట బడి మాన్పించి రైలు కార్యాలయంలో పనికి పెట్టాడు. రెండేండ్లు అక్కడ గడిపిన తరువాత చదువు విలువ బాలునికి తెలిసివచ్చింది. మిన్నెసోటాలోని సెయింట్ పాల్ నగరంలో ఉన్నత పాఠశాలలో చేరి, పోయిన కాలాన్ని పూడ్చుకొంటూ మూడేండ్లలోనే ఆ చదువు ముగించాడు.

ఆ పాఠశాలలో మేరీ జెన్నెట్ న్యూసన్ అనే ఉపాధ్యాయిని ఉండేది. ఈ కుర్రవాడు ఆ ఊరిలో ఆగిపోవలసినవాడు కాడని గుర్తించి, హార్వర్డు విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టుకొనేటట్లు ప్రోత్సహించినది ఆమెయే. వేయి మైళ్లకు పైగా దూరాన ఉన్న విద్యాలయం, చేతిలో లేని ధనం, ఇంట అంతగా లేని ఆదరణ: ఇన్ని అడ్డంకులను దాటించినది ఒక పంతులమ్మ మాట. విద్యార్థివేతనం సంపాదించి 1892లో కానన్ హార్వర్డులో అడుగుపెట్టాడు. 1896లో అత్యున్నత గౌరవంతో పట్టం పొందాడు.

అక్కడ ఆయనను ఆకర్షించిన గురువు తత్త్వవేత్త విలియం జేమ్స్. మనస్తత్వాన్ని, తత్త్వాన్ని తన జీవితమార్గంగా చేసికోవలెనని కానన్ ఒకనాడు మనసు విప్పి చెప్పగా, తత్త్వశాస్త్రాన్ని నమ్ముకొంటే కడుపు గాలితోనే నిండుతుందని ఆ గురువు వారించాడు. శిష్యుడు ఆ మాట విని వైద్యకళాశాలలో చేరాడు. అయినా మనస్సును గూర్చిన జిజ్ఞాస ఆయనను విడువలేదు. తరువాతి జీవితమంతా ఆయన మనస్సుకూ కడుపుకూ గల సంబంధాన్నే శోధించడం గమనింపదగిన విషయం.

కానన్ వైద్యకళాశాలలో చేరిన సంవత్సరానికి ముందే, 1895 నవంబరులో, జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. లోకమంతా ఎముకల చాయాచిత్రాలను చూచి అబ్బురపడుతున్న దినాలవి. హార్వర్డులో శరీరధర్మశాస్త్రాచార్యుడు హెన్రీ బౌడిచ్ మాత్రం వేరు మార్గాన ఆలోచించాడు. ఎముకలను చూపే కిరణాలు మ్రింగిన ఆహారాన్ని చూపలేవా? ఈ ప్రశ్నను ఆయన కానన్, ఆల్బర్ట్ మోజర్ అనే ఇద్దరు వైద్యవిద్యార్థుల చేతిలో పెట్టాడు. 1896 డిసెంబరులో వారు ఒక కుక్కచేత ముత్యపు బొత్తాన్ని మ్రింగించి, అది గొంతు దిగిపోవడం తెరపై చూచారు. పిమ్మట పొడవైన మెడగల పెద్దబాతును తెచ్చి, బిస్మత్ లవణం కలిపిన ఆహారం దాని కంఠనాళంలో జారే తీరును పరిశీలించారు. ఆ నెలలోనే బోస్టన్‌లో సమావేశమైన శరీరధర్మశాస్త్రవేత్తల ఎదుట ఈ బాతును ప్రదర్శించారు. బిస్మత్ వంటి బరువైన లోహలవణాలు ఎక్స్ కిరణాలను అడ్డుకొని నీడ వేస్తాయి. జీర్ణకోశ వ్యాధుల పరీక్షలో రోగిచేత బేరియం మిశ్రమం త్రాగించే పద్ధతికి మూలం ఇట్టి ప్రయోగాలలోనే కలదు.

బాతు తరువాత పిల్లుల వంతు వచ్చింది. బిస్మత్ కలిపిన ఆహారం తిన్న పిల్లిని తెరముందు పడుకోబెట్టి, గంటల తరబడి కానన్ చీకటి గదిలో కూర్చుండేవాడు. జఠరం నడుమ భాగాన ఒక అల పుట్టి, చివరనున్న ద్వారం దిశగా సాగిపోవడం, దాని వెనుక మరొక అల రావడం ఆయన కన్నులారా చూచాడు. నీడల ఆకారాలను పలుచని కాగితంపై గీసికొనేవాడు. ఈ పరిశీలనల ఫలితాలు 1898లో, అప్పుడే ప్రారంభమైన అమెరికా శరీరధర్మశాస్త్ర పత్రిక మొదటి సంపుటంలో వెలువడ్డాయి. చిన్నప్రేగులో ఆహారం ముందుకు మాత్రమే పోక, ముక్కలుముక్కలుగా తెగుతూ, మరల కలుస్తూ రసాలతో మర్దనం పొందుతుందని 1902లో ప్రకటించాడు.

ఈ పరిశీలనల నడుమ ఒక చిక్కు ఎదురైంది. కొన్నిసార్లు చక్కగా సాగుతున్న అలలు ఉన్నట్లుండి ఆగిపోయేవి. యంత్రంలో లోపం లేదు, ఆహారంలో మార్పు లేదు. మరొకరైతే ఆ దినపు ప్రయోగం చెడిపోయిందని ప్రక్కకు నెట్టి ఉండేవారు. కానన్ పిల్లి ముఖం వంక చూచాడు. పిల్లలను ఈనిన ఒక తల్లిపిల్లి హాయిగా పడుకొని ఉన్నంతసేపు జఠరం కదిలింది. అది ఆందోళనతో పెనగులాడడం ప్రారంభించగానే కదలిక ఆగి, జఠరపు గోడ పూర్తిగా సడలిపోయింది. మెల్లగా నిమిరి, అది మరల గురగురలాడే వరకు బుజ్జగించగా అలలు తిరిగి వచ్చాయి. ముద్ద దిగడం లేదనే మాటలోని శాస్త్రసత్యం అట్లు ఒక పిల్లి కడుపులో కనబడింది.

1900లో వైద్యపట్టం పొంది, 1901లో సెయింట్ పాల్ నగరానికి చెందిన కార్నీలియా జేమ్స్‌ను కానన్ వివాహం చేసికొన్నాడు. ఆమె తరువాతి కాలంలో నవలారచయిత్రిగా పేరు పొందింది. వారికి ఒక కుమారుడు, నలుగురు కుమార్తెలు. వివాహానంతరం దంపతులు మోంటానా పర్వతాలలో ఎక్కిన ఒక శిఖరానికి కానన్ పేరే స్థిరపడింది. 1906లో గురువు బౌడిచ్ స్థానంలో ఆచార్య పదవి స్వీకరించి 1942 వరకు, అనగా 36 సంవత్సరాలు, ఆ పీఠంపై కొనసాగాడు.

భయపడిన పిల్లి కడుపు ఎందుకు ఆగింది? జీర్ణకోశానికి రెండు తెగల నాడులు వస్తాయి. వేగస్ నాడి దాని కదలికను పెంచుతుంది. సహానుభూత నాడులు తగ్గిస్తాయి. ఈ రెండు తెగల నాడులనూ ఛేదించిన తరువాత ఏమవుతుందో కానన్ పరీక్షించి 1906లో ప్రకటించాడు. జఠరం, చిన్నప్రేగు కదలిక మానలేదు. అనగా ప్రేగు గోడలోనే ఒక నాడీజాలం కలదు. దానికి తన పని తాను చేసికొనే శక్తి ఉన్నది. బయటి నాడులు ఆ పనిని వేగిరపరుస్తాయి లేక మందగింపజేస్తాయి. ఆ యేడే మర్ఫీ అనే వైద్యునితో కలిసి, శస్త్రచికిత్స తరువాత ప్రేగులు ఎందుకు స్తంభిస్తాయో పరిశోధించాడు. మత్తుమందు కంటె ప్రేగులను చేతితో అటునిటు కదల్చడమే ఎక్కువ హేతువని తేల్చాడు. ఎంతో మృదువుగా ప్రేగులను ముట్టవలెనని శస్త్రవైద్యులు నేర్చుకొనడానికి ఇట్టి పరిశోధనలు తోడ్పడ్డాయి.

ఇక మిగిలినది దూత సంగతి. మూత్రపిండాలపై టోపీల వలె అమరియుండే అడ్రినల్ గ్రంథుల నుండి అడ్రినలిన్ అనే పదార్థాన్ని 1901లో జపాను శాస్త్రజ్ఞుడు తకమినె శుద్ధరూపంలో వేరుచేశాడు. దానిని రక్తంలోనికి ఎక్కిస్తే గుండె వడిగా కొట్టుకొంటుంది, కనుపాప పెద్దదవుతుంది, ప్రేగు సడలిపోతుంది. భయపడిన జీవిలో కనబడే లక్షణాలూ ఇవియే. మరి భయం కలిగినప్పుడు ఆ గ్రంథి నిజంగా అడ్రినలిన్‌ను వదలుతున్నదా? ఆనాటి రసాయనపద్ధతులకు అంత స్వల్పమైన పదార్థం అందదు. కానన్ అందుకు తన పాత నేస్తమైన ప్రేగునే సాక్షిగా పిలిచాడు.

ప్రేగు కండరాన్ని సన్నని పేలికగా కోసి, వెచ్చని లవణజలంలో ఉంచితే అది తనంత తానే ముడుచుకొంటూ, సడలుతూ ఉంటుంది. అడ్రినలిన్ లేశమాత్రం సోకినా సడలి ఊరకుంటుంది. 1911లో డానియల్ డి లా పాజ్‌తో కలిసి కానన్ చేసిన ప్రయోగం ఇట్టిది. నెమ్మదిగా ఉన్న పిల్లి రక్తం సోకినప్పుడు ఆ కండరపు పేలిక ఎప్పటివలె కదిలింది. మొరిగే కుక్కను చూచి బెదరిన తరువాత అదే పిల్లి రక్తం సోకగానే సడలిపోయింది. అడ్రినల్ గ్రంథులను తీసివేసిన పిల్లిని బెదరించి తీసిన రక్తానికి మాత్రం ఆ గుణం లేదు. భయం రక్తంలో ప్రవహిస్తున్నదని ఒక ప్రేగుముక్క సాక్ష్యం చెప్పింది.

ఈ ప్రయోగాల నుండి కానన్ ఒక సమన్వయం సాధించాడు. అపాయం ఎదురైనప్పుడు జీవి పోరాడవలెను, లేదా పారిపోవలెను. ఆ క్షణాన జీర్ణక్రియ అత్యవసరం కాదు. కాబట్టి రక్తం కడుపు నుండి కండరాలకు మరలుతుంది, గుండె వేగం హెచ్చుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది, కడుపు తన పని ఆపుకొంటుంది. బాధ, ఆకలి, భయం, క్రోధం అనే అవస్థలలో దేహంలో కలిగే మార్పులను గూర్చి 1915లో వెలువడిన గ్రంథంలో ఈ భావాన్ని విపులీకరించాడు. పరీక్షకు ముందు కడుపులో కలత పడే విద్యార్థిలో పెద్దప్రేగు మాత్రం మందగించక వేగిరపడడం కద్దు. దాని లెక్క వేరని తరువాతి పరిశోధనలు తెలిపాయి.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1917లో, కానన్ ఫ్రాన్సుకు వెళ్లి గాయపడిన సైనికులు రక్తపుపోటు పడిపోయి మరణించే స్థితిని పరిశోధించాడు. తిరిగివచ్చిన తరువాత, దేహం తన ఉష్ణాన్ని, చక్కెరను, లవణాలను, ఆమ్లక్షారాల తూకాన్ని ఎట్లు నిలుపుకొంటున్నదో ఆలోచించి, ఆ సమస్థితికి హోమియోస్టాసిస్ అని 1926లో నామకరణం చేశాడు. దేహపు వివేకాన్ని గూర్చి 1932లో ఆయన వ్రాసిన గ్రంథం సామాన్య పాఠకులకు సైతం ప్రియమైనది.

ఇంత కీర్తి పొందిన ఈ పరిశోధకుని జీవితంలో ఒక పెద్ద గమ్యం అందీ అందక తప్పిపోయింది. నాడి చివర నుండి ఒక రసాయనం వెలువడి అవయవాన్ని ఆజ్ఞాపిస్తుందనే భావం 1904లోనే ఇంగ్లండులో ఎలియట్ సూచించాడు. 1921లో ఆస్ట్రియాలో ఆటో లోవీ, రెండు కప్పల గుండెలతో దానిని నిరూపించాడు. ఆ యేడే కానన్ కూడా, కాలేయానికి పోయే నాడులను ప్రేరేపిస్తే ఎక్కడో దూరాన నాడులు తెగియున్న గుండె వేగిరపడడం గమనించాడు. పదేండ్ల తరువాత, 1931లో, బెల్జియం దేశీయుడైన బాక్‌తో కలిసి ఆ రసాయనానికి సింపాథిన్ అని పేరు పెట్టాడు. అయితే ఆ పదార్థం అడ్రినలిన్ వలెనే ఉన్నట్లు తోచినా, కొన్ని అవయవాల వద్ద భిన్నంగా ప్రవర్తించింది. ఒకే నాడీమండలం రక్తనాళాలను బిగిస్తుంది, ప్రేగుగోడను సడలిస్తుంది. ప్రేగుగోడను సడలిస్తూనే ప్రేగుద్వారాల వద్దనుండే వలయకండరాలను బిగిస్తుంది. ఒకే దూత రెండు విరుద్ధమైన ఆజ్ఞలను ఎట్లు మోస్తాడు?

కానన్, మెక్సికో దేశీయుడైన రోసెన్‌బ్లూత్ కలిసి 1933లో ఒక సమాధానం చెప్పారు. నాడి నుండి వెలువడిన పదార్థం అవయవ కణంలో మరొక పదార్థంతో కలిసి రెండు రూపాలు దాలుస్తుంది, ఒకటి ఉద్రేకించే సింపాథిన్, రెండవది శాంతింపజేసే సింపాథిన్ అని వారి వాదం. వాదం చక్కగా అమరింది గాని సత్యం కాదు. ఇద్దరు దూతలను కల్పించడం కంటె, ఆజ్ఞను స్వీకరించే వాకిళ్లే రెండు విధాలని తలచి ఉంటే చిక్కు విడిపోయేది. కణాలపై మందులను స్వీకరించే పదార్థం కలదని కేంబ్రిడ్జిలో లాంగ్లీ 1905లోనే వ్రాశాడు. ఎర్గట్ అనే శిలీంధ్రపు మందు అడ్రినలిన్ పనులలో కొన్నిటిని అణచి కొన్నిటిని విడుస్తుందని హెన్రీ డేల్ 1906లో చూపాడు. అడ్రినలిన్‌కు సన్నిహితమైన మరొక పదార్థమే నాడుల పనిని ఎక్కువగా పోలియున్నదని 1910లో డేల్, బార్జర్ ప్రకటించారు. ఆధారాలు లోకంలో ఉన్నాయి, కాని సూత్రం చేతికి అందలేదు. నాడీ ప్రేరణలు రసాయనాల ద్వారా ప్రసరిస్తాయని తెలిపినందుకు 1936లో నోబెల్ బహుమానం లోవీకి, డేల్‌కు లభించింది. ఆ గౌరవం కానన్‌కు ఎన్నడూ దక్కలేదు.

అంతకంటె కఠోరమైన మూల్యం ఆయన దేహం చెల్లించింది. విద్యార్థి దశలో రక్షణ ఎరుగక ఎక్స్ కిరణాల ఎదుట గడిపిన దినాల ఫలితమని భావింపబడిన చర్మవ్యాధి 1930 తరువాత ఆయనను పీడించింది. భరింపరాని దురదతో రాత్రులు నిద్రలేకపోయినా పని మానలేదు. స్పెయిన్ అంతర్యుద్ధకాలంలో అక్కడి ప్రజాప్రభుత్వ పక్షానికి వైద్యసహాయం పంపే ఉద్యమానికి పూనుకొన్నాడు. తన పరిశోధనానుభవాలను చెప్పే గ్రంథాన్ని 1945లో వెలువరించి, ఆ యేడు అక్టోబరు 1వ తేదీన న్యూహాంప్‌షైర్‌లోని ఫ్రాంక్లిన్‌లో మరణించాడు. కడుపు కదలికను తనకు చూపిన కిరణాలే ఆయన ప్రాణానికి ముప్పు తెచ్చాయని అనేకులు భావిస్తారు.

ఆయన గతించిన మరుసటి యేడే, 1946లో, స్వీడనుకు చెందిన ఫాన్ ఆయిలర్ సహానుభూత నాడుల దూత నారడ్రినలిన్ అని నిర్ధారించాడు. 1948లో అమెరికాలోని జార్జియాకు చెందిన రేమండ్ ఆల్‌క్విస్ట్, అడ్రినలిన్ వంటి పదార్థాలను వరుసగా పరీక్షించి, దూతలు ఇద్దరు కారనీ, గ్రాహకాలే రెండు తెగలనీ నిరూపించి, వాటికి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టాడు. ఆ వ్యాసం వెలువడినది, అర్ధశతాబ్దం క్రిందట కానన్ తన పిల్లుల కథను ప్రకటించిన ఆ శరీరధర్మశాస్త్ర పత్రికలోనే. వలయకండరం బిగియడం, ప్రేగుగోడ సడలడం ఒకే దూత చేసే పనులు. ఏ వాకిట ఏ గ్రాహకం ఉన్నదో దానినిబట్టి ఫలితం మారుతుంది. ప్రేగునాడుల కొసలపై ఉన్న ఒక తెగ ఆల్ఫా గ్రాహకాలు, కదలికను పెంచే అసిటైల్ కోలిన్ అనే దూతనే బయటికి రానీయకుండా అడ్డుకొంటాయని కూడా పిమ్మట తెలిసింది.

నేటి వైద్యులు ప్రేగును అదుపు చేసే మందులను ఎన్నుకొనేటప్పుడు ఈ జ్ఞానాన్నే ఆశ్రయిస్తున్నారు. అట్రోపిన్ అసిటైల్ కోలిన్ కూర్చోవలసిన గ్రాహకాన్ని తాను ఆక్రమించి ప్రేగు కదలికను, దాని నొప్పిని తగ్గిస్తుంది. మన పొలాల గట్లపై పెరిగే ఉమ్మెత్తలోని విషం ఈ కుటుంబానికి చెందినదే. ఉమ్మెత్త తిన్నవానికి నోరు ఎండి, కనుపాపలు విప్పారి, కడుపు స్తంభించడానికి కారణం ఇదియే. నియోస్టిగ్మిన్ అసిటైల్ కోలిన్ నశించకుండా కాపాడి, స్తంభించిన ప్రేగును కదలిస్తుంది. నల్లమందు మలబద్ధకం కలిగిస్తుందని పెద్దలు ఎరుగుదురు. ప్రేగుగోడలోని నాడులపై నల్లమందు గ్రాహకాలు ఉండుటయే అందుకు హేతువు. ఆ గ్రాహకాలపై పనిచేస్తూ, తగిన మోతాదులో మెదడును దాదాపు సోకని లోపెరమైడ్ విరేచనాలను కట్టడానికి వాడుకలో ఉన్నది.

కానన్ చెప్పిన సమాధానం నిలువలేదు గాని, ఆయన అడిగిన ప్రశ్న నిలిచింది. సరియైన ప్రశ్న అడిగి, దానిని పరీక్షించే మార్గం చూపి, తన సిద్ధాంతాన్ని ఇతరులు తూచి త్రోసివేయగలిగేటంత స్పష్టంగా లోకం ముందుంచిన వానిని ఓడినవాడని ఎట్లు అనగలము? బడిలో ఉపాధ్యాయుడు పలికే మాట ఒక్కటే. ఒక పిల్లవానిని అది మేల్కొలుపుతుంది, మరొకని బెదరించి మూగవాణ్ణి చేస్తుంది. తేడా మాటలో మాత్రమే లేదు, స్వీకరించే మనస్సులోనూ ఉన్నది. సెయింట్ పాల్ నగరపు పంతులమ్మ ఆ తేడాను ఎరిగి ఒక రైలు గుమాస్తా బాలునికి తగిన మాట చెప్పింది. ఆ మాటకు ఫలితంగానే, తుట్టతుదకు, ముద్ద దిగకపోవడానికి గల కారణం లోకానికి తెలిసింది.